అప్ అండ్ డౌన్ బతుకులు

మా నాన్న ఇరవై రెండేళ్ళు అప్ అండ్ డౌన్ చేశాడు. పొద్దున్నే దుగ్గిరాలలో పాసింజరు ఎక్కడం, బెజవాడలో దిగడం, బీసెంట్ రోడ్డులో ఒక బట్టల కొట్లో లెక్కలు రాయడం, రాత్రి ఎనిమిదిన్నరకో తొమ్మిదికో మళ్ళీ దుగ్గిరాలలో దిగడం. జేబులో సీజన్ పాసు, చేతిలో క్యారియరు. "నువ్వన్నా చదువుకుని ఈ అప్ అండ్ డౌన్ బతుకు తప్పించుకోరా" అనేవాడు. చదువుకున్నాను. ఇంజనీరింగ్ చేశాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. లండన్ దాకా వచ్చాను. ఇప్పుడేం చేస్తున్నానో చెప్పమంటారా? అప్ అండ్ డౌన్ చేస్తున్నాను.

ఆఫీసు లండన్ నడిబొడ్డున. ఇల్లు మాత్రం బకింగ్‌హామ్‌షైర్‌లో, చిల్టర్న్ కొండల మీద ప్రెస్ట్‌వుడ్ అనే ఊళ్ళో. రైలెక్కాలంటే కొండ దిగి గ్రేట్ మిసెండెన్ అనే చిన్న స్టేషనుకి రావాలి. అక్కడి నుంచి లండన్ మేరిలెబోన్ స్టేషనుకి ముప్పావుగంట. వారానికి మూడు రోజులు ఈ ప్రయాణం. మిగతా రెండు రోజులు ఇంట్లోంచే పని.

"లండన్‌లో ఉద్యోగం అన్నావు, పల్లెటూళ్ళో ఉంటున్నావేంట్రా?" అని మా బాబాయి ఇప్పటికీ అడుగుతాడు. ఆయనకి అర్థమయ్యేలా చెప్పడం కష్టం. ఇది పూర్తిగా పల్లెటూరు కాదు, టౌనూ కాదు. ఇంటి వెనక పొలాలున్నాయి, కానీ ఆ పొలాల్లో పనిచేసేవాళ్ళు మా వీధిలో ఒక్కరూ లేరు. గొర్రెలున్నాయి, కాసేవాళ్ళు కనపడరు. పొద్దున్న ఏడున్నరకి సగం ఊరు రైల్లో ఉంటుంది. లండన్‌లో ఒక బెడ్‌రూమ్ ఇంటికిచ్చే అద్దెకి ఇక్కడ రెండు బెడ్‌రూములు, వెనకాల చిన్న దొడ్డి దొరికాయి. ఆ లెక్క చూసుకునే వచ్చాం. సీజన్ టికెట్టుకి ఏడాదికి వేల పౌండ్లవుతుందన్న సంగతి ఆ లెక్కలో సరిగ్గా వేసుకోలేదు. లెక్కలు రాసే నాన్నకి పుట్టినా నా లెక్కలింతే.

ఈ ఊళ్ళని ఇలా తయారుచేసింది రైలే. మెట్రోపాలిటన్ రైల్వే అనే కంపెనీ 1892లో ఈ కొండల గుండా ఐల్స్‌బరీ దాకా లైను వేసింది. ఎక్కేవాళ్ళు లేకపోతే రైలెందుకు? అందుకని స్టేషన్ల చుట్టుపక్కల ఇళ్ళు కట్టించి, "పొద్దున్న లండన్, సాయంత్రం పచ్చని పొలాలు" అన్న ఆశని జనానికి అమ్మింది. 1915 నుంచి 'మెట్రోలాండ్' అనే పేరుతో ఏటేటా పుస్తకాలే వేసింది. మన హైదరాబాద్‌లో 'ఔటర్ రింగ్ రోడ్డుకి పది నిమిషాలు' అని వెంచర్ల బ్రోచర్లు పంచుతారే, వాటికి వందేళ్ళ క్రితం నాటి తాతగారన్నమాట.

అయితే ఒక తేడా ఉంది. మన దగ్గర వెంచర్లు ఆగవు. ఇక్కడ ఆపేశారు. లండన్ ఇలా పాకుతూ పోతే పొలమన్నది మిగలదని 1938లో గ్రీన్ బెల్ట్ చట్టం తెచ్చారు. 1947లో, ఎవరి స్థలంలోనైనా సరే అనుమతి లేనిదే ఇల్లు కట్టకూడదన్న చట్టం వచ్చింది. 1965లో ఈ కొండల్ని ప్రత్యేక ప్రకృతి సౌందర్య ప్రాంతంగా ప్రకటించారు. అందుకే లండన్‌కి ఇంత దగ్గరున్నా కొండ మీద నుంచి చూస్తే ఇప్పటికీ బీచ్ చెట్ల అడవులూ, పొలాలూ కనిపిస్తాయి. అందుకే ఇళ్ళ ధరలూ ఆకాశంలో ఉంటాయి. అందం ఊరికే దొరకదు కదా!

అందం మాత్రం నిజం. దాన్ని తక్కువ చేసి చెప్పను. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుగుంటుంది. తలెత్తితే ఎర్ర గద్దలు తిరుగుతుంటాయి. తోక మధ్యకి చీలి ఉంటుంది, గాలిలో రెక్క కదపకుండా తేలుతుంటాయి. పంతొమ్మిదో శతాబ్దం అయ్యేసరికి ఇంగ్లండ్‌లో వీటిని పూర్తిగా లేకుండా చేశారట. 1989 నుంచి 1994 దాకా స్పెయిన్ నుంచి తొంభై దాకా పిల్లల్ని తెచ్చి ఈ కొండల్లోనే వదిలారు. ఇప్పుడు మా దొడ్లో బట్టలారేస్తే పైన రెండు మూడు చక్కర్లు కొడుతుంటాయి. ఈ కథ చెప్తే మా ఆవిడ, "అయితే వీటినీ నాలాగే తెచ్చి వదిలారన్నమాట" అంది. అప్పుడు నవ్వాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నవ్వు రాదు.

ఇంకో అందం కాలిబాటలు. ఈ దేశంలో ప్రైవేటు పొలం మధ్యలోంచి కూడా జనం నడిచే హక్కున్న దారులుంటాయి. 1949 చట్టం ప్రకారం వాటిని మ్యాపుల్లోకి ఎక్కించారు. రైతు దున్నినా, పైరు వేసినా ఆ బాట మళ్ళీ తీసి ఉంచాల్సిందే. మా ఊరికి కాస్త దూరంలో చెకర్స్ అనే బంగళా ఉంది, 1921 నుంచి బ్రిటన్ ప్రధానమంత్రుల విడిది. ఆ బంగళాకి కార్లు వెళ్ళే దారికి అడ్డంగానే 'రిడ్జ్‌వే' అనే కాలిబాట పోతుంది. కెమెరాలు చూస్తుంటాయి, మనం మాత్రం మన మానాన నడిచి వెళ్ళొచ్చు. నేను మొదటిసారి నడిచినప్పుడు ఎవరో ఒకరు "ఏయ్" అని అరుస్తారని వెనక్కి చూసుకుంటూనే ఉన్నాను. ఎవరూ అరవలేదు.

పిల్లల పుస్తకాల రచయిత రోల్డ్ డాల్ 1954 నుంచి 1990లో చనిపోయేదాకా గ్రేట్ మిసెండెన్‌లోనే ఉన్నాడు. ఆయన పేరు మీద ఊళ్ళో మ్యూజియం ఉంది. ఆదివారాలు పిల్లల్ని వెంటేసుకుని జనం వస్తారు, ఫొటోలు దిగుతారు, ఐస్‌క్రీములు తింటారు, సాయంత్రానికి వెళ్ళిపోతారు. మా ఆవిడ కిటికీలోంచి చూసి, "వీళ్ళకి ఇక్కడ ఎంత బాగుంటుందో, సాయంత్రం వెళ్ళిపోవచ్చు" అంటుంది.

ఇక అసలు సంగతికొస్తాను.

మా ఆవిడ బెజవాడలో స్కూల్లో లెక్కల టీచరు. పెళ్ళయి ఇక్కడికొచ్చి రెండేళ్ళు. ఉద్యోగం చేసే హక్కుంది. కానీ ఏ ప్రకటన చూసినా చివర్లో ఒకటే మాట, 'సొంత వాహనం ఉండాలి.' బస్సు ఉంది, హై వికోంబ్ వైపు వెళ్తుంది. పగలు ఫరవాలేదు, రాత్రిపూట దాన్ని నమ్ముకుని బయల్దేరలేం. స్టేషనుకి నడవాలంటే రెండున్నర కిలోమీటర్లు. దిగడం సుఖమే, ఎక్కడమే ఆయాసం. కొన్నిచోట్ల వీధిదీపాలుండవు. డిసెంబరులో సాయంత్రం నాలుక్కి ముందే చీకటి.

మరి కారు? ఇక్కడ తప్పు నాదే, ఒప్పుకుంటాను. ఇండియా లైసెన్సుతో ఇక్కడ స్థిరపడ్డ నాటి నుంచి పన్నెండు నెలలే నడపొచ్చు. ఆ పన్నెండు నెలల్లో ఇక్కడి పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకోవాలి. నేను "ఈ రిలీజ్ అయ్యాక", "ఈ స్ప్రింట్ అయ్యాక" అంటూ వాయిదా వేశాను. పన్నెండు నెలలూ అయిపోయాయి. పరీక్షకి స్లాటు చూస్తే నెలల తరబడి దొరకడం లేదు. నాకేమో పెద్ద ఇబ్బందిగా అనిపించలేదు. రైలుంది కదా! లండన్‌లో మనుషులున్నారు, క్యాంటీన్‌లో తెలుగు కుర్రాళ్ళున్నారు, మధ్యాహ్నం బిర్యానీ కబుర్లున్నాయి. సాయంత్రం ఇంటికొచ్చి "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో" అనేవాణ్ణి. ఆ ప్రశాంతతని పొద్దుట్నుంచి ఒక్కతీ మోస్తున్న మనిషి ముందు నిలబడి ఆ మాట అనేవాణ్ణి.

పోయిన డిసెంబరులో ఒక తుఫాను వచ్చింది. అప్పటికి ఆవిడకి ఏడో నెల.

సాయంత్రం ఆఫీసులో ఉండగానే గాలి మొదలైంది. ఆరింటికి చివరి మెసేజ్ వచ్చింది, "కరెంటు పోయింది" అని. అంతే. ఆ తర్వాత ఫోను కలవలేదు. కరెంటు పోతే ఇంట్లో వైఫై పోతుంది, అది తెలుసు. కాసేపటికి మొబైల్ సిగ్నలూ పోతుందని నేను అనుకోలేదు. నేనెక్కిన రైలు అమర్‌షామ్ దాకా వచ్చి ఆగిపోయింది. ముందు పట్టాల మీద చెట్టు పడిందన్నారు. అక్కడి నుంచి మా స్టేషను ఎనిమిది కిలోమీటర్ల దూరం, ఆపైన కొండ. టాక్సీలకి ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు లేరు. ప్లాట్‌ఫారం మీద వందమందిమి నిలబడి ఉన్నాం. ఫోన్లో ఇరవైసార్లు ఒకే నంబరు నొక్కాను. ఒంటరి ఇల్లు, చీకటి, ఏడో నెల. మెట్ల మీద కాలు జారితే? నా బుర్రలో వచ్చిన ఆలోచనలన్నీ ఇక్కడ రాయను.

ఇక్కడ మీకు ఒకాయన గురించి చెప్పాలి. మా స్టేషనులో రోజూ ఎక్కేవాళ్ళందరికీ ప్లాట్‌ఫారం మీద ఎవరి చోటు వాళ్ళకుంటుంది. తలుపు సరిగ్గా ఎక్కడ ఆగుతుందో తెలుసు కాబట్టి అక్కడే నిలబడతారు. నా పక్క చోటు ఒక నెరిసిన జుట్టాయనది. రెండేళ్ళుగా పక్కపక్కనే నిలబడ్డాం. ఒక్క మాట మాట్లాడుకోలేదు. మా నాన్న పాసింజరులో అయితే రెండో రోజుకే పేరు, ఊరు, జీతం, పిల్లల మార్కులు అన్నీ బయటికొచ్చేవి. పేకాట బ్యాచ్ ఒకటి, భజన బ్యాచ్ ఒకటి ఉండేవి. ఇక్కడ మౌనమే మర్యాద.

ఆ రాత్రి ఆయనే నా దగ్గరికొచ్చి, "నువ్వు కొండ మీద ఊరే కదా? నా భార్య కారు తెస్తోంది. పద" అన్నాడు. నేను ఏ ఊరో ఆయనకి తెలుసు! ఎలా తెలుసని అడగలేదు. కార్లో కూర్చున్నాక మా ఆవిడ సంగతి చెప్పాను. ఆయన భార్య వెంటనే ఇంకొంచెం జాగ్రత్తగా, ఇంకొంచెం వేగంగా నడిపింది. రోడ్డుకి అడ్డంగా కొమ్మలు పడి ఉన్నాయి. రెండుసార్లు నేనూ ఆయనా దిగి లాగి పక్కన పడేశాం.

ఇంటికొచ్చేసరికి పదకొండయింది. వీధంతా చీకటి. మా తలుపు తాళం వేసి ఉంది. గుండె ఆగినంత పనైంది. ఫోను వెలుతురులో చూస్తే తలుపుకి కాగితం అంటించి ఉంది. తెలుగులో రాసి ఉంది: "పక్కింట్లో ఉన్నాను. కంగారు పడకండి. ఉప్మా తిన్నాను."

పక్కింట్లో ఎనభయ్యేళ్ళ పెద్దావిడ ఒక్కరే ఉంటారు. కరెంటు పోయిన పావుగంటకే టార్చిలైటు పట్టుకుని వచ్చి మా తలుపు కొట్టారట. గ్యాసు పొయ్యి అగ్గిపుల్లతో వెలుగుతుంది కానీ, కరెంటు లేకపోతే ఇల్లు వెచ్చబెట్టే బాయిలరు పనిచెయ్యదు. ఆవిడ ఇంట్లో కట్టెల పొయ్యి ఉంది. "నా దగ్గరికి రా అమ్మాయ్, అక్కడ వెచ్చగా ఉంటుంది" అని తీసుకెళ్ళారు. మా ఆవిడ ఊరికే వెళ్ళకుండా ఉప్మా చేసి గిన్నెతో పట్టుకెళ్ళింది. నేను వెళ్ళేసరికి ఇద్దరూ మంట ముందు కూర్చుని ఊలు ఉండలు చుడుతున్నారు. నన్ను చూసి ఆ పెద్దావిడ, "అయితే రైలు నిన్ను వదిలిపెట్టిందన్నమాట" అన్నారు.

ఆ రాత్రి ఆవిడ చెప్పిన మాటలు నాకు ఇంకా గుర్తున్నాయి. వాళ్ళాయన ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇదే లైనులో లండన్ వెళ్ళొచ్చాడట. "ఈ ఊరు ఎంత బాగుందో అని ఆయన అందరికీ చెప్పేవాడు. ఆయనకి రైలు ఉండేది. నాకు కిటికీ ఉండేది. కారు నడపడం నేర్చుకున్నాక గానీ ఇది నా ఊరు కాలేదు" అన్నారు. ఇక్కడ డెబ్భై ఏళ్ళు దాటితే మూడేళ్ళకోసారి లైసెన్సు మళ్ళీ తీసుకోవాలి. చూపు మందగించిందని ఈసారి ఆవిడే వద్దనుకున్నారు. ఉచిత బస్ పాసుంది, పనిదినాల్లో పొద్దున్న రద్దీ వేళ దాటాకే చెల్లుతుంది. "మళ్ళీ కిటికీ దగ్గరికొచ్చాను. అందుకే నీ భార్య కిటికీలో దీపం ఆరిపోతే నాకు తెలిసింది" అన్నారు.

మర్నాడు మా అమ్మకి ఫోన్ చేశాను. "నాన్న రాత్రి తొమ్మిదింటికి వచ్చేవాడు కదా, అప్పటిదాకా ఒక్కదానివీ ఎలా ఉండేదానివమ్మా?" అని అడిగాను. అమ్మకి ప్రశ్నే అర్థం కాలేదు. "ఒక్కదాన్నెందుకు ఉంటానురా? అరుగు మీద నలుగురం కూర్చునేవాళ్ళం. పక్కన మీ పెద్దమ్మ, ఎదురుగా మీ మావయ్య వాళ్ళు. సందు చివర కొట్టు. మీ నాన్న రైలు లేటయితే స్టేషన్ నుంచి వచ్చే రిక్షా అబ్బాయే కేకేసి చెప్పేవాడు" అంది. కాసేపాగి, "ఏం, అమ్మాయికి అక్కడ తోచడం లేదా?" అని అడిగింది. అమ్మలకి ఎలా తెలిసిపోతుందో!

నాకు ఇన్నాళ్ళూ నాన్న బతుకే అప్ అండ్ డౌన్ బతుకని తెలుసు. అందులో సగం అమ్మదని తెలీదు. ఆ సగాన్ని అరుగూ, వీధీ మోశాయి. నేను రైలూ, సీజన్ పాసూ తెచ్చుకున్నాను, అరుగుని తెచ్చుకోలేదు. నిజం చెప్పాలంటే నేను ప్రెస్ట్‌వుడ్‌లో ఉండటం లేదు, రాత్రిళ్ళు వచ్చి పడుకుంటున్నాను. ఉంటున్నది ఆవిడ.

వచ్చే నెల అద్దె ఒప్పందం ముగుస్తుంది. స్నేహితులు హారో వచ్చెయ్యమంటున్నారు, రీడింగ్ వచ్చెయ్యమంటున్నారు. గోంగూర దొరుకుతుంది, తెలుగువాళ్ళుంటారు, ఇంటి ముందు బస్సాగుతుంది. నిజమే. పోయిన రెండుసార్లూ ఒప్పందం మీద నేనే లెక్కలు వేసి, నేనే సంతకం పెట్టాను. ఈసారి కాగితం ఆవిడ చేతికిచ్చాను. "నువ్వు ఎక్కడంటే అక్కడ" అన్నాను.

ఆవిడ వారం రోజులు ఆలోచించింది. నేను హారో అంటుందనే అనుకున్నాను. "ప్రసవం అయ్యేదాకా ఇక్కడే. తర్వాత ఆర్నెల్లకి మళ్ళీ చూద్దాం" అంది. షరతులు మూడు. ఒకటి, నేను పరీక్ష స్లాటు ఎంత దూరంలో దొరికినా వెంటనే బుక్ చెయ్యాలి. రెండు, బిడ్డ పుట్టాక ఆవిడ కూడా డ్రైవింగ్ నేర్చుకుంటుంది, ఆ క్లాసుల డబ్బు గురించి నేను నోరెత్తకూడదు. మూడు, నేను ఇంటికి రాగానే "ఎంత ప్రశాంతంగా ఉందో" అనకూడదు. మూడింటికీ ఒప్పుకున్నాను.

ఈలోగా మరో రెండు పనులు చేశాం. ఇక్కడ కరెంటు పోతే 105కి ఫోన్ చెయ్యాలి, ఉచితం. కరెంటు వాళ్ళ దగ్గర ఒక ప్రత్యేక జాబితా ఉంటుంది. ముసలివాళ్ళు, గర్భిణులు, పసిపిల్లలున్నవాళ్ళు పేరు రాయించుకుంటే కరెంటు పోయినప్పుడు ముందుగా పట్టించుకుంటారు. అడక్కపోతే ఎవరూ చెప్పరు. మా ఆవిడ పేరూ, పక్కింటి పెద్దావిడ పేరూ రాయించాం. ఇంగ్లండ్‌లో ఇలాంటి ఊళ్ళల్లో ఉంటున్న తెలుగువాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, ఈ పూటే ఆ పని చెయ్యండి.

మా కాళ్ళ కింద నుంచి ఇప్పుడు ఇంకో రైలు మార్గం వేస్తున్నారు. లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కి హైస్పీడు రైలు. ఈ కొండల కింద పదహారు కిలోమీటర్ల సొరంగం తవ్వేశారు. మా దగ్గర మాత్రం ఆగదు. నాన్నకి చెప్తే, "దుగ్గిరాలలో సూపర్‌ఫాస్టులు ఆగుతాయేంట్రా? మనకి పాసింజరే గతి" అని నవ్వాడు.

నెరిసిన జుట్టాయన మర్నాడు ప్లాట్‌ఫారం మీద తన చోట్లో తను నిలబడ్డాడు, నా చోట్లో నేను. థ్యాంక్స్ చెప్పాను. ఆయన ఒక చిన్న కాగితం ఇచ్చాడు. దాని మీద రెండు ఫోన్ నంబర్లున్నాయి, ఆయనదీ, వాళ్ళావిడదీ. మా కాన్పు ఆస్పత్రి ఐల్స్‌బరీ పక్కన స్టోక్ మాండెవిల్‌లో. "అర్ధరాత్రయినా సరే ఫోన్ చెయ్యి" అన్నాడు. తర్వాత రైలొచ్చేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఆ కాగితం ఇప్పుడు మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది. పక్కనే మా ఆవిడ రాసిన చిన్న పట్టిక ఉంది. మంగళవారం, గురువారం సాయంత్రాలు పక్కింట్లో ఊలు అల్లకం. శుక్రవారం పెద్దావిడకి ఉప్మా.